పికప్ వాహనం కింద ‘టక్’మనే శబ్దం: మూలాన్ని గుర్తించే క్రమం

పొలానికీ మార్కెట్టుకూ నడుమ నేడు మన పల్లెల్లో ఎక్కువగా తిరుగుతున్నది చిన్న పికప్ వాహనం. నారుకట్టలు, విత్తన బస్తాలు, ఎరువులు, కూరగాయల ట్రేలు, పాల క్యాన్లు అన్నీ దాని మీదనే సాగుతున్నాయి. ఎడ్లబండి రోజుల్లో ఇరుసుకు కందెన రాయడం రైతుకు నిత్యకృత్యంగా ఉండేది. బండి చక్రం కిర్రుమంటే ఎక్కడ ఎండిపోయిందో చెవితోనే పట్టేవాడు. పికప్ వాహనం విషయంలో ఆ అలవాటు మనకింకా పూర్తిగా అబ్బలేదు. వాహనం కదిలేటప్పుడో, ఆగేటప్పుడో అడుగుభాగం నుండి ‘టక్’మని ఒక దెబ్బ వినిపిస్తే చాలామంది కొన్ని నెలల పాటు ఉపేక్షిస్తారు. ఆ తరువాత భయపడి, చెప్పిన భాగమల్లా మార్పించుకుంటారు. ఈ రెండూ నష్టదాయకమే. ఆ శబ్దానికి కారణాన్ని ఏ వరుసలో వెతకాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వ్యాసకర్త సస్యశాస్త్ర అధ్యాపకుడే తప్ప యంత్ర నిపుణుడు కాడు. అయినా ఈ విషయం మీద కలం పట్టడానికి ఒక అనుభవం కారణమయింది. దానిని దాచకుండా చెప్పడం పాఠకులకు మేలు చేస్తుందని నమ్ముతున్నాను.

మా పరిశోధన స్థానంలో విత్తనాలను గ్రామాలకు చేరవేసే పికప్ వాహనం ఒకటి ఉంది. ఒక ఖరీఫ్‌కు ముందు అది ‘టక్’మనడం మొదలుపెట్టింది. వర్క్‌షాపులో చూపిస్తే క్లచ్ ప్లేటు మార్చాలన్నారు. ఆ బిల్లుపై నేనే సంతకం చేశాను. శబ్దం పోలేదు. రెండవసారి, క్రౌన్ పినియన్ అరిగిపోయిందనీ, హౌసింగ్ విప్పి మొత్తం మార్చాలనీ చెప్పారు. ఆ అంచనా కాగితం నా బల్ల మీద ఉన్న రోజునే ఒక రైతు పసుపెక్కిన వరి దుబ్బుతో వచ్చాడు. ఆయన అప్పటికే యూరియా వేసి, ఆపై పురుగుమందు కూడా కొట్టి ఉన్నాడు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలను చూస్తే అది జింకు లోపమని తెలుస్తూనే ఉంది. “పసుపు కనబడగానే యూరియా వేయవచ్చునా? ఏ ఆకు, నాటిన ఎన్ని రోజులకు పసుపెక్కిందో ముందు చూడవద్దా?” అని ఆయనతో అన్నాను. ఆయన వెళ్లిన తరువాత బల్ల మీది కాగితం వైపు చూశాను. శబ్దం ఎప్పుడు వస్తోందో, ఎక్కడి నుండి వస్తోందో నేను మాత్రం ఎవరినైనా అడిగానా?

అడగవలసిన మనిషి గుమ్మం బయటనే ఉన్నారు. ఆ వాహనాన్ని ఏళ్ల తరబడి నడుపుతున్న మా డ్రైవరు. పిలిచి అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పారు: “క్లచ్చి వదిలినప్పుడు ఒకసారి వస్తుంది సార్. బండి ఆగేముందు ఇంకోసారి వస్తుంది. రెండూ ఒకే చప్పుడు కాదు సార్. మొదటిది ఇనుం కొట్టినట్టు, రెండోది వెనకాల నుంచి ఎవరో తన్నినట్టు.” ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. “నన్నెవరూ అడగలేదు కదా సార్” అన్నారు.

శబ్దం ఎందుకు వస్తుంది?

వెనుక చక్రాలు నడిపే పికప్ వాహనంలో ఇంజను శక్తి క్లచ్, గేరుబాక్సుల ద్వారా ప్రొపెల్లర్ షాఫ్టుకు చేరుతుంది. అక్కడి నుండి వెనుక హౌసింగులోని పినియన్‌కు, క్రౌన్ చక్రానికి, చివరగా ఇరుసులకు అందుతుంది. గేరుబాక్సు వాహన చట్రానికి బిగించి ఉంటుంది. వెనుక హౌసింగ్ మాత్రం కమాను కట్టల మీద గతుకులను బట్టి పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. కదలని భాగం నుండి కదిలే భాగానికి శక్తిని అందించవలసి ఉన్నందున షాఫ్టుకు రెండు సదుపాయాలు కల్పించారు. ఒకటి, కోణం మారడానికి వీలుగా యూనివర్సల్ జాయింట్. దీనిని మన మెకానిక్కులు ‘క్రాస్’ అంటారు. రెండు, పొడవు మారడానికి వీలుగా పళ్ల గాడులలో ముందుకూ వెనుకకూ జారే స్లిప్ జాయింట్. పొడవైన వాహనాల్లో షాఫ్టును రెండు ముక్కలుగా చేసి, నడుమ రబ్బరు ఊతంలో సెంటర్ బేరింగ్ అమరుస్తారు.

క్రాస్ సూత్రం పాతదే. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేర్లతో అది నేటికీ వ్యవహరింపబడుతోంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివిన క్లారెన్స్ స్పైసర్ 1903లో దీనికి మోటారు వాహనాలకు తగిన రూపమిచ్చి పేటెంటు పొందాడు. క్రాస్‌కు నాలుగు చేతులుంటాయి. ఒక్కొక్క చేతి మీద ఒక టోపీ, ఆ టోపీలో సూదుల వంటి సన్నని బేరింగులు ఉంటాయి. వాటిని కాపాడేది గ్రీజు మాత్రమే.

ఇక ఈ వరుసలోని ప్రతి కూడలిలోనూ కొద్దిపాటి వదులు ఉంటుంది. గేరు పళ్ల మధ్య నూనె పొర నిలవడానికీ, వేడికి లోహం వ్యాకోచించడానికీ ఆ వదులు అవసరం. కావున కొత్త వాహనంలోనూ అతి స్వల్పంగా చప్పుడు ఉండవచ్చు. అరుగుదల వల్ల ఆ వదులు పెరిగినప్పుడు, శక్తి దిశ మారిన ప్రతిసారీ ఒక లోహ ముఖం ఖాళీని దాటి వెళ్లి ఎదుటి ముఖాన్ని కొడుతుంది. మనకు వినిపించే ‘టక్’ ఆ దెబ్బే.

ఆ దెబ్బ బలం ఎంతో ఒక లెక్కతో చూద్దాం. ఇంజను 200 న్యూటన్ మీటర్ల తిప్పుబలం ఇస్తుందనీ, మొదటి గేరు నిష్పత్తి 4, హౌసింగ్ నిష్పత్తి 4 అనీ అనుకుందాం. ఘర్షణ నష్టాలను పక్కన పెడితే మొదటి గేరులో షాఫ్టు మీద 800, ఇరుసుల మీద 3200 న్యూటన్ మీటర్ల బలం పడుతుంది. అంత బలం ఒక చిన్న ఖాళీని దాటి వచ్చి కొట్టినప్పుడు అది సుత్తి దెబ్బతో సమానం. ప్రతి దెబ్బా ఖాళీని మరికొంత పెంచుతుంది.

లక్షణం ఎప్పుడు కనబడుతోంది?

నత్రజని లోపం ముదురాకుల్లో ముందుగా కనబడుతుంది. ఇనుము లోపం లేతాకుల్లో మొదలవుతుంది. రెండింటిలోనూ రంగు పసుపే అయినా, కనబడే చోటు కారణాన్ని వేరుచేస్తుంది. వాహనం శబ్దంలో ఆ పని చేసేది సమయం. వాహనాన్ని ఎత్తకముందే ఈ కింది సందర్భాలను డ్రైవరుతో కలిసి గమనించి కాగితం మీద రాసుకోవాలి.

1. క్లచ్ వదిలి కదిలేటప్పుడు, లేదా ముందు గేరు నుండి రివర్సుకు మారినప్పుడు ఒకే ఒక్క లోహపు దెబ్బ: క్రాస్ అరుగుదల, హౌసింగులో వదులు, ఇంజను లేక గేరుబాక్సు మౌంటింగ్ రబ్బరు చిరగడం, కమాను కట్టల యూ బోల్టులు సడలడం వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

2. ఆగేముందు, లేదా ఆగి మళ్లీ కదలగానే వెనుక నుండి తన్నినట్లు దెబ్బ: స్లిప్ జాయింట్ పళ్లు గ్రీజు లేక ఎండిపోవడం సాధారణ కారణం. బ్రేకు వేసినప్పుడు కమాను కట్టలు మెలిపడి షాఫ్టు పొడవు స్వల్పంగా మారవలసి వస్తుంది. ఎండిన పళ్లు కొంతసేపు పట్టుకొని, తరువాత ఒక్కసారిగా జారుతాయి.

3. నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం వేగంతో పాటు లయగా వచ్చే కీచు శబ్దం: క్రాస్ సూది బేరింగులు ఎండిపోయినట్లు. ఇది ‘టక్’ శబ్దానికి ముందు వచ్చే హెచ్చరిక.

4. బరువుతో కదిలేటప్పుడు వాహనం నేల వణకడం: సెంటర్ బేరింగ్ రబ్బరు దెబ్బతిన్నదేమో చూడాలి.

5. వేగం పెరిగిన కొద్దీ పెరిగే కంపనం: షాఫ్టు వంగడం, సమతూకం తప్పడం, లేదా షాఫ్టును విప్పి తప్పు వరుసలో కలపడం.

6. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా కేవలం గతుకుల మీద వచ్చే శబ్దం: ఇది శక్తి ప్రసార వ్యవస్థది కాకపోవచ్చు. కమాను కట్టల బుష్షులు, షాక్ అబ్జార్బర్లు చూడాలి.

పరీక్షకు ముందు భద్రత

వాహనాన్ని గట్టి, సమతలమైన నేల మీద నిలపాలి. ఇంజను ఆపి తాళంచెవి జేబులో ఉంచుకోవాలి. చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. వెనుక చక్రం ఒక్కటి పైకి లేపితే, డిఫరెన్షియల్ స్వభావం వల్ల గేరు వాహనాన్ని పట్టి ఉంచదు. వాహనం గేరులోనే ఉంది కదా అని దాని కిందికి దూరినవారు ప్రాణాపాయం కొనితెచ్చుకుంటారు. కేవలం జాకీ మీద నిలిపిన వాహనం కిందికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లరాదు. తువ్వాలు, లుంగీ వంటి వదులు దుస్తులతో తిరిగే షాఫ్టు దరికి పోరాదు. రోటవేటరు షాఫ్టు విషయంలో మనం చెప్పే జాగ్రత్తలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

పరీక్షా క్రమం

ఖర్చు లేనిది ముందు, ఖర్చుతో కూడినది చివర. ఈ నియమం తప్పరాదు.

మొదట కంటితో చూడాలి. క్రాస్ టోపీల చుట్టూ తుప్పు రంగు పొడి కనబడితే లోపల గ్రీజు ఎండి సూదులు అరుగుతున్నాయని అర్థం. యూ బోల్టుల నట్ల వద్ద, ఫ్లాంజి బోల్టుల వద్ద మెరిసే రాపిడి గుర్తులు ఉంటే అక్కడ కదలిక ఉన్నట్లు. పినియన్ వద్ద నూనె కారుతోందా, సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందా అన్నది కూడా గమనించాలి.

రెండవది చేతి పరీక్ష. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, దిమ్మెలు సరిచూసుకున్న తరువాత క్రాస్‌కు ఇరువైపులా ఉన్న భాగాలను రెండు చేతులతో పట్టుకొని ఎదురెదురు దిశల్లో తిప్పాలి. రెండింటి నడుమ కంటికి కనబడే కదలిక ఏమాత్రం ఉన్నా క్రాస్ మార్చవలసిందే. ఆరోగ్యంగా ఉన్న క్రాస్‌లో అటువంటి వదులు ఉండదు. ఇదే విధంగా స్లిప్ జాయింటును పైకీ కిందికీ ఆడించి చూడాలి.

మూడవది హౌసింగ్ వదులును కొలవడం. అదే న్యూట్రల్ స్థితిలో వెనుక ఫ్లాంజి అంచు మీద సుద్దతో గుర్తు పెట్టి, ఫ్లాంజిని అటూ ఇటూ తిప్పి గుర్తు ఎంత జరిగిందో స్కేలుతో కొలవాలి. ఫ్లాంజి వ్యాసం 75 మిల్లీమీటర్లు అయితే చుట్టుకొలత సుమారు 235 మిల్లీమీటర్లు, అంటే ఒక డిగ్రీకి దాదాపు 0.65 మిల్లీమీటరు. గుర్తు 6.5 మిల్లీమీటర్లు జరిగితే వదులు 10 డిగ్రీలు. హౌసింగ్ నిష్పత్తి 4 అయినప్పుడు అది చక్రం వద్ద 2.5 డిగ్రీలు మాత్రమే. కావున షాఫ్టు కొద్దిగా తిరిగినంత మాత్రాన క్రౌన్ పినియన్ పోయిందని నిర్ణయించరాదు. ఆ తరువాత ఫ్లాంజిని పైకీ కిందికీ, ముందుకూ వెనుకకూ గట్టిగా ఆడించాలి. తిరగడంలో వదులు సహజం. ఈ దిశల్లో కదలిక మాత్రం సహజం కాదు. అది పినియన్ బేరింగ్ లేదా నట్టు సడలినట్లు చెబుతుంది.

ఇక్కడ సస్య పరిశోధనలోని ఒక పద్ధతి ఉపకరిస్తుంది. చెక్ ప్లాట్ లేకుండా మనం ఏ ప్రయోగ ఫలితాన్నీ అంగీకరించం. అలాగే ఊళ్లో అదే నమూనాకు చెందిన, అంతే దూరం తిరిగిన, శబ్దం లేని మరొక వాహనంలో ఇదే కొలత తీసుకొని సరిపోల్చాలి. రెండు కొలతలూ దగ్గరగా ఉంటే హౌసింగును విప్పనవసరం లేదు.

నాలుగవది హౌసింగ్ నూనె. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉన్న వాహనాల్లో దాని మీద బూడిద రంగు మెత్తని ముద్ద పేరుకోవడం సహజం. చేతికి తగిలే ముక్కలు, పెచ్చులు ఉంటే మాత్రం లోపల పళ్లు దెబ్బతిన్నట్లు. ఇన్ని పరీక్షల్లోనూ లోపం దొరకకపోతే, షాఫ్టు విప్పి గేరుబాక్సును పరీక్షించే పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు అప్పగించాలి.

మా వాహనంలో తేలినది

ఈ వరుసలో చూసినప్పుడు హౌసింగ్ వదులు పక్క వాహనంతో దాదాపు సమానంగానే ఉంది. వెనుక క్రాస్ టోపీ చుట్టూ మాత్రం ఎర్రని పొడి ఉంది. చేతికి వదులు స్పష్టంగా తెలిసింది. క్రాస్ మార్పించగానే కదిలేటప్పుడు వచ్చే దెబ్బ ఆగిపోయింది. ఆగేటప్పటి శబ్దం మిగిలింది. “చూశారా, ఇదీ కాదు” అని ఎవరైనా అనడానికి అవకాశమున్న ఘడియ అది. అయితే డ్రైవరు రెండు శబ్దాలని ముందే చెప్పి ఉన్నందున రెండవదాని మూలాన్ని విడిగా వెతికాం. స్లిప్ జాయింట్ గ్రీజు నిపుల్ మట్టితో పూడిపోయి ఉంది. శుభ్రం చేసి గ్రీజు పట్టించిన తరువాత అదీ తగ్గింది. ఒకే పైరులో రెండు పోషక లోపాలు కలిసి ఉన్నట్లే, ఒకే షాఫ్టులో రెండు లోపాలు ఉన్నాయి. రెండు మార్పులనూ ఒకేసారి చేసి ఉంటే ఏది దేనికి మందో తెలిసేది కాదు. క్లచ్ ప్లేటుకు అయిన ఖర్చు మాత్రం తిరిగి రాలేదు.

సంస్థ వాహనంలో అది ఒక బిల్లు. వాయిదాల మీద పికప్ కొనుక్కొని, దాని కిరాయి మీద బతికే రైతు యువకునికి అటువంటి అనవసరపు మరమ్మతు ఒక నెల వాయిదాను మింగివేస్తుంది. ఉపేక్షిస్తే ప్రమాదం అంతకన్నా పెద్దది. పూర్తిగా అరిగిన క్రాస్ పరుగులో విరిగితే షాఫ్టు ఊడి కిందికి వేలాడుతుంది. షాఫ్టు ముందు కొన రోడ్డుకు గుచ్చుకుంటే వాహనం అదుపు తప్పుతుంది. సరుకు వాహనాల్లో మనుషులను ఎక్కించరాదని తెలిసినా, నాట్ల కాలంలో వాటి మీద ఎందరు ప్రయాణిస్తున్నారో మనం రోజూ చూస్తున్నదే.

మరమ్మతులో, నిర్వహణలో పాటించవలసినవి

షాఫ్టు విప్పే ముందు ఫ్లాంజిల మీద, స్లిప్ జాయింట్ రెండు సగాల మీద పెయింటుతో గుర్తులు పెట్టించాలి. కోణంలో తిరిగే క్రాస్ వేగాన్ని సమంగా అందించదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం కొద్దిగా పెరిగి తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలు ఉంటే ఈ హెచ్చుతగ్గు ఇరువైపులా సుమారు ఒకటిన్నర శాతం. షాఫ్టు రెండు చివరలా ఉన్న యోకులు ఒకే వరుసలో ఉన్నప్పుడు ఒక క్రాస్ కలిగించిన హెచ్చుతగ్గును రెండవది సరిచేస్తుంది. ఒక పన్ను పక్కకు కలిపినా ఈ పొందిక చెడి కొత్త కంపనం మొదలవుతుంది. షాఫ్టుకు అతికించిన చిన్న తూకపు బిళ్లలను తొలగించనీయరాదు. కొత్త క్రాస్ బిగించిన తరువాత అది చేతితో అన్ని దిక్కులకూ సులువుగా కదలాలి. బిగుసుకుంటే లోపల సూది పక్కకు పడి ఉండవచ్చు.

గ్రీజు పట్టించే ముందు నిపుల్‌ను గుడ్డతో తుడవాలి. క్రాస్ నాలుగు టోపీల నుండీ కొత్త గ్రీజు తొంగిచూసే వరకు గన్‌తో కొట్టాలి. మూడింటి నుండి వచ్చి ఒకదాని నుండి రాకపోతే ఆ చేయి పూడుకుపోయినట్లు. త్వరలో అరిగేది అదే. నిపుల్ లేని క్రాస్‌లకు గ్రీజు పట్టదు, వదులు రాగానే మార్చాలి. వ్యవధి విషయంలో వాహనంతో ఇచ్చిన పుస్తకాన్ని అనుసరించాలి. దమ్ము చేసిన మళ్ల పక్క బురదలో, కాలువ నీటిలో, వాగులో దిగి వచ్చిన వాహనానికి ఆ గడువు వర్తించదు. షాఫ్టు నీట మునిగితే ఆ వారంలోనే గ్రీజు పట్టించడం మేలు. వర్షాకాలానికి ముందొకసారి, కోతల రవాణా ముగిశాక ఒకసారి యూ బోల్టుల బిగువు సరిచూడాలి.

బరువు పరిమితి కూడా ఇందులో భాగమే. 75 కిలోల ధాన్యం బస్తాలు 20 వేస్తే 1500 కిలోలు. అనుమతించిన బరువుకు మించితే కమాను కట్టలు అణగి షాఫ్టు కోణం మారుతుంది, క్రాస్‌ల మీద భారం పెరుగుతుంది. బరువుతో ఉన్నప్పుడు ఇంజనును రేపి క్లచ్‌ను ఒక్కసారిగా వదలడం కూడా మానాలి.

పైరుకు మందు చెప్పే ముందు పొలం చూడాలనీ, రైతు చెప్పేది వినాలనీ మనం విద్యార్థులకు బోధిస్తాం. వాహనానికీ అదే వర్తిస్తుంది. శబ్దం వినబడిన రోజునే తేదీ, సందర్భం, అప్పటి బరువు ఒక పుస్తకంలో రాసుకోవాలి. మెకానిక్కు వద్దకు ఆ పుస్తకంతో, డ్రైవరుతో సహా వెళ్లాలి. భాగం మార్చాలని చెప్పినప్పుడు అందులోని వదులును చేతితో ఆడించి చూపించమని అడగాలి. ఒకసారికి ఒకే మార్పు చేయించి, నడిపి చూసిన తరువాతనే రెండవదానికి వెళ్లాలి. మా స్థానంలో ఇప్పుడు వాహనం బిల్లు నా బల్ల మీదికి వస్తే, సంతకానికి ముందు డ్రైవరును పిలిచి అడుగుతున్నాను.